టేపు వేసిన గదిలో పులిసిన వాసన

గల్ఫ్ యుద్ధం మొదలయ్యే ముందు వారం నాగేందర్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. రాస్ తనూరా చమురు శుద్ధి కర్మాగారంలో అతనితో పనిచేసే ఇంగ్లండు ఇంజనీరు భార్యాపిల్లల్ని తీసుకుని స్వదేశం పోతూ, పారేయడానికి మనసొప్పక ఇచ్చిపోయాడట. లోపల మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్, బరువైన డబ్బా, చిన్న ఈస్టు పొట్లం, వంకర తిరిగిన సన్నటి గొట్టం ఉన్నాయి.

"ఏందిది?" అంది అతని భార్య సరళ.

"ఇంట్ల బీరు చేసుకునే సామాను."

సరళ గబుక్కున వంటింటి కిటికీ మూసింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? సౌదీల మందు దొరికితే జైల్ల ఏస్తరు. ఆడికెల్లి ఆడికే ఇండియాకు తోలుతరు."

"పోలీసోళ్లకు యుద్ధం పనులే తెమలుతలేవు. మన బకెట్ ఎవడు చూస్తడే?"

డబ్బా మూత తీస్తే నల్లటి బెల్లంపాకంలాంటిది కనిపించింది. దాన్ని వేడినీళ్లలో కలిపి, చక్కెర పోసి, చల్లారాక పైన ఈస్టు చల్లాడు. మూత బిగించి, మూతకున్న బెజ్జంలో గొట్టం దూర్చి, గొట్టంలో నీళ్లు పోశాడు. లోపలి గాలి బయటికి పోవాలి గాని బయటి గాలి లోపలికి రాకూడదట. చలికి పులియదని బకెట్‌ను పడకగదిలో హీటరు పక్కన పెట్టాడు. మర్నాడు పొద్దున, "మూత మాత్రం తియ్యకు, ఖరాబైతది" అని చెప్పి రాస్ తనూరా క్యాంపుకు వెళ్లిపోయాడు. మళ్లీ పై వారం గురువారం సెలవుకు గాని రాడు.

మొదటిరోజు బకెట్ ఉలకలేదు. చెడిపోయిందేమోనని సరళ లోలోపల సంతోషించింది. మర్నాడు గొట్టంలో బుడుక్కుమంది. ఆ తర్వాత ఆగలేదు. పక్కింటి గోడలో మేకు కొట్టినా వినపడే బిల్డింగ్ అది. పాతచీర రెండు మడతలు వేసి బకెట్ మీద కప్పింది. పులిసిన పిండిలో మగ్గిన పండు పడ్డట్టు వాసన మొదలైతే అగరుబత్తీలు ముట్టించింది. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, ఊపిరి బిగబట్టి అది తమ తలుపు దాటేదాకా నిలబడేది.

ఈలోపు యుద్ధం వచ్చిపడింది. ఇరాక్ క్షిపణులతో విషవాయువు వదులుతుందని అందరూ కిటికీలకు ప్లాస్టిక్ కాగితం, టేపు అతికించుకున్నారు. కింది ఇంట్లో ప్రొద్దుటూరు వాళ్లు ఉండేవారు. ఖాదర్ మొహిద్దీన్ ఒక ఆఫీసులో గుమాస్తా. వాళ్ల గదులకు పెద్ద కిటికీలు, కిటికీ లేనిది ఇరుకు సామాన్ల గది ఒక్కటే. అతనికి సాయంత్రం డ్యూటీ పడితే, సైరన్ మోగినప్పుడు భార్య జైతూన్ బీ, కూతురు ఆసిఫా పైకి వచ్చి సరళ పడకగదిలో కూర్చోవాలని ముందే అనుకున్నారు. ఆ మాట ఇచ్చేనాటికి గదిలో బకెట్ లేదు.

సాయంత్రపు మగ్రిబ్ నమాజు ముగిసిన కాసేపటికి సైరన్ మోగింది. సరళ బకెట్‌ను పడకగదికి ఆనుకున్న స్నానాలగదిలోకి జరపబోయేంతలో తలుపు దబదబా కొట్టారు. జైతూన్ బీ ఆసిఫాను ఎత్తుకుని లోపలికి వచ్చింది. ఏడేళ్ల పిల్ల, ఉబ్బసం ఉంది. సరళ పడకగది తలుపు మూసి, సందులకు టేపు వేసి, కింద తడి తువ్వాలు నెట్టింది.

మూసిన గదిలో వాసన కమ్ముకుంది. ఆసిఫా దగ్గడం మొదలుపెట్టింది.

జైతూన్ బీ ముక్కు ఎగబీల్చింది. "సరళా, ఏందోమే వాసనొస్తాంది. పుల్లగా ఉండాదే."

"ఏం లేదక్కా. అగరుబత్తి."

"అగరుబత్తి కాదు. గ్యాసు ఇట్లే పండ్ల వాసనొస్తాదని మా ఆయన చెప్పినాడు."

సరళ బకెట్‌కు అడ్డంగా జరిగి కూర్చుంది. చెబితే రేపు ఖాదర్ మొహిద్దీన్‌కు తెలుస్తుంది, ఎల్లుండి బిల్డింగంతా తెలుస్తుంది. నాగేందర్ చేతులకు బేడీలు కళ్లముందు కనిపించాయి. పిల్ల రొమ్ము పిల్లికూతలు పెడుతోంది. జైతూన్ బీ దువా చదువుతూ తడిగుడ్డ కూతురి ముక్కుకు అదుముతోంది. గుడ్డ పెడితే ఊపిరాడక పిల్ల చేతులు కొట్టుకుంటోంది. సరళ అదంతా చూస్తూ కూర్చుంది.

"ఈడుంటే సచ్చిపోతాము. పాపను బయటికి తీస్కపోతా!" జైతూన్ బీ లేచి తలుపు టేపు పట్టుకుని లాగింది.

బయట సైరన్ ఇంకా అరుస్తూనే ఉంది. సరళ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, గ్యాసు కాదు. బీరు." చీర లాగేసి బకెట్ చూపించింది. "మా ఆయన పెట్టిండు."

జైతూన్ బీ బకెట్‌ను చూసింది, సరళను చూసింది. తనే వంగి బకెట్‌ను స్నానాలగదిలోకి నెట్టి తలుపు వేసింది. పిల్ల ముక్కు మీది గుడ్డ తీసి వీపు నిమిరింది. ప్రమాదం తప్పిందన్న సైరన్ మోగేసరికి ఆసిఫా ఊపిరి కాస్త కుదుటపడింది. తల్లీకూతుళ్లు వెనక్కి చూడకుండా దిగి వెళ్లిపోయారు.

ఆ రాత్రి సరళకు కునుకు లేదు. తెల్లవారగానే మగ్గుతో తోడి తోడి పాయిఖానాలో పోసి, పైన ఫినాయిలు కుమ్మరించింది. తర్వాత కిందికి వెళ్లి తలుపు తట్టింది.

"మొత్తం పారబోసినక్కా."

"అది నీ ఇంటి సంగతి," అంది జైతూన్ బీ, సగం తెరిచిన తలుపు వెనక నుంచి. "నేను మా ఆయనకు గూడా చెప్పలా. ఎవురికీ చెప్పను. పాప కొట్టుకుంటాంటే, గ్యాసు కాదని తెలిసి కూడా ఉలక్కుండా కూర్చున్యావే. అదే నాకు మింగుడు పడలా."

"భయమైందక్కా."

"నాకు కాలేదా?"

మళ్లీ సైరన్ మోగినప్పుడు సరళ తలుపు బార్లా తెరిచి నిలబడింది. ఎవరూ రాలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా కిందికి పరుగెత్తి తలుపు బాదింది. "అక్కా, పైకి రాండ్రి! గది మొత్తం కడిగిన!"

తలుపు తెరుచుకుంది. జైతూన్ బీ ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "బయట నిలబడి అరుస్తావేందిమే, రా ముందు!" కిటికీ లేని సామాన్ల గదిలో ముగ్గురూ బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చున్నారు. ఎక్కడో దూరంగా ఢామ్మంది, గోడ అదిరింది. ఆసిఫా జరిగి సరళకు చోటిచ్చింది.

గురువారం వచ్చిన నాగేందర్ ఖాళీ బకెట్ చూసి గొంతు లేపాడు. సరళ జరిగింది చెప్పింది. అతను మంచం మీద కూలబడి, "పోరి ఎట్లున్నది?" అని మాత్రం అడిగాడు. బకెట్‌ను ముక్కలు కోసి వేరువేరు చెత్తడబ్బాల్లో వేసి వచ్చాడు.

యుద్ధం ఆగిపోయింది. ఆడవాళ్లిద్దరి మధ్య మాటలు మెల్లగా కలిశాయి. బిర్యానీ గిన్నె పైకి వచ్చింది, సకినాలు కిందికి వెళ్లాయి. అయితే జైతూన్ బీ మళ్లీ ఎప్పుడూ మేడెక్కి రాలేదు. మాట్లాడాలనిపిస్తే సరళే కిందికి పోయేది.