ఆరో కౌంటరు మార్కులు

పెన్సిలు ములుకు మీది పొడి ఊది, నిదానంగారు ఏడో దరఖాస్తు ముందుకు లాక్కున్నారు. సంతకం పెట్టాల్సిన చోటల్లా చిన్న ఇంటూ గుర్తు పెట్టడం ఆయన పొద్దుటి పని. బ్యాంకు తలుపులు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. ఇంట్లో మనిషి పోయినవాళ్ళు, ఆ మనిషి ఖాతా సంగతి తేల్చుకోవడానికి వచ్చేది ఈ ఆరో కౌంటరుకే. కళ్ళలో నీళ్ళు నిండినవాళ్ళకి కాగితం మీద అక్షరాలు ఆనవని ఆయనకి తెలుసు.

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. పాతికేళ్ళ క్రితం, నగదు కౌంటర్లో ఉన్నప్పుడు, మెరుపు అనేవాళ్ళట. ఇప్పుడు నిదానంగారు. యాభై తొమ్మిదేళ్ళ వయసు, బట్టతల, చెవుల దగ్గర మాత్రం పట్టుదలగా నిలబడ్డ నాలుగు తెల్లవెంట్రుకలు. ఎడమ బొటనవేలికి ఎంత కడిగినా పోని ఊదా మరక. వణికే చేతుల్ని పట్టుకుని వేలిముద్రలు వేయించగా వేయించగా అంటుకున్నది.

కౌంటరు అంచున ఒక పెట్టె ఉంది. "మా సేవ ఎలా ఉంది?" అని రాసి, కింద మూడు మీటలు పెట్టారు: నవ్వే ముఖం, ఊరికే చూసే ముఖం, ఏడ్చే ముఖం. నలభై శాఖల్లో ఈ మీటల్ని లెక్కపెట్టి, ఒక్కో మనిషికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా లెక్కపెట్టి, ప్రతినెలా ఒక పట్టిక పంపిస్తారు. ఏడు నిమిషాలు దాటకూడదు. నిదానంగారికి ఇరవై ఆరు. మార్కుల్లోనూ కిందినుంచి ఆయనే ఫస్టు.

ఇవాళ ప్రధాన కార్యాలయం నుంచి ఈ లెక్కలు చూసే కొలతల మేడం వచ్చి రోజంతా ఆయన పక్కన కూర్చుంటుంది. ఆమె రాసేదాన్ని బట్టి ఆరో కౌంటరు ఉంటుంది, లేకపోతే ఎత్తేసి ఆ పనంతా ఫోనులో చేసుకోమంటారు. మేనేజరు మంచివాడే. నిన్న ఆయన్ని పక్కకి పిలిచి, పెట్టె తీగ ఊడదీసి చెడిపోయిందని చెబుదామన్నాడు. నిదానంగారు ఒప్పుకోలేదు. పోనీ ఒక్కరోజుకి చెయ్యి కాస్త చురుగ్గా ఆడించమన్నాడు. దానికి మాత్రం తలూపారు. కౌంటరు పోతుందంటే ఆయనకి నిజంగానే భయం వేసింది.

ఆ భయం వెనక వదిన ఉంది. మెరుపుగా వెలిగిన రోజుల్లో, అన్నయ్య పోయిన రెండు వారాలకి, వదిన అన్నయ్య ఖాతా కాగితాలు పట్టుకొచ్చి ఆయన కౌంటరు ముందే నిలబడింది. ఆమె వెనక వరసలో ఇరవైమంది. తల ఎత్తకుండానే రెండు జిరాక్సులు తగ్గాయని, రేపు రమ్మని చెప్పి పంపేశారు. ఆమె మళ్ళీ నాలుగు నెలలు రాలేదు. ఆ నాలుగు నెలలూ బట్టలు కుట్టి పిల్లల్ని నెట్టుకొచ్చిందని తరవాత తెలిసింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయన చాలాసార్లు అనుకున్నారు. ఆ యేడే, ఎవరూ కోరుకోని ఆరో కౌంటరుని అడిగి మరీ తీసుకున్నారు.

కొలతల మేడంకి ముప్ఫై దాటి ఉండవు. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. మొదట వచ్చినవాడు తండ్రిని పోగొట్టుకున్న ఒక డ్రైవరు. నిదానంగారు మేనేజరుకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. అతన్ని కూర్చోమనలేదు, ఏం జరిగిందని అడగలేదు. ఎనిమిది నిమిషాల్లో ముగించారు. నమలకుండా మింగినట్టు అనిపించింది. అతను వెళ్ళాక చూస్తే మరణ ధ్రువపత్రం అసలుది కౌంటరు మీదే ఉండిపోయింది, అతని తల్లి సంతకం ఒకటి తగ్గింది. కాగితాలు పట్టుకుని బస్టాపు దాకా పరుగెత్తారు. దొరకలేదు. ఆయాసపడుతూ తిరిగొచ్చి మేడం ముందు నిలబడ్డారు.

"ఇంక నావల్ల కాదమ్మా. నా పద్ధతిలోనే చేస్తాను. మీరు రాసుకునేది రాసుకోండి."

తరవాత డెబ్భై దాటిన ఒక పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. నిదానంగారు ఆమెని ఎదుటి కుర్చీలో నీలం దిండు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏం జరిగిందని అడిగారు. ఆవిడ చెప్పుకొచ్చింది. భర్త గడియారాలు బాగుచేసేవాడట. ఊరందరి గడియారాలూ సరిచేసి, తను మాత్రం పెళ్ళికి కూడా గంట ఆలస్యంగా వచ్చాడట. కోడలు నవ్వింది, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. మాటల మధ్యలో ఇంటూ గుర్తుల మీద సంతకాలు ఒక్కొక్కటే పడ్డాయి. ముప్ఫై నాలుగు నిమిషాలయింది. పెద్దావిడ లేచి, "చల్లగా ఉండు నాయనా" అని ఆయన భుజం తట్టి, పెట్టె మీదికి వంగి ఏడుపు ముఖాన్ని గట్టిగా నొక్కింది.

మేడం గబగబా ఆవిడ వెనకే వెళ్ళి, పని నచ్చలేదా అని అడిగింది.

"నచ్చకపోవడమేంటి తల్లీ, కన్నకొడుకులా చేసిపెట్టాడు."

"మరి నవ్వే ముఖం నొక్కచ్చు కదండీ?"

పెద్దావిడ ఆమెని ఎగాదిగా చూసింది. "మా ఆయన పోయి నెల కాలేదు. నవ్వు బొమ్మ నొక్కి వెళితే నలుగురూ ఏమనుకుంటారు?"

మేడం ఆ మాట ట్యాబ్‌లో రాసుకుంది. ఆ రోజు వచ్చిన మిగతా అయిదుగురినీ గుమ్మం దగ్గర ఆపి అడిగింది. నలుగురిది అదే వరస. మధ్యాహ్నం తినడం కూడా మానేసి పాత రికార్డులు తిరగేసింది. మిగతా శాఖల్లో ఏడు నిమిషాల్లో పంపించిన మనుషులు అదే పనికి సగటున అయిదుసార్లు తిరిగారు. ఆరో కౌంటరుకి ఒక్కసారే వచ్చారు. ఏడు అయిదులు ముప్ఫై అయిదు. నలభై శాఖల పట్టికలు వేసే మహానుభావులకి ఈ చిన్న ఎక్కం ఇన్నేళ్ళూ తట్టలేదు.

"మేం కొలిచిందే తప్పండీ" అంది ఆమె వెళ్ళబోతూ. నిదానంగారు పొద్దుట మిగిలిపోయిన కాగితాలు సంచీలో పెట్టుకున్నారు. ఇంటికి వెళ్ళే దారిలో డ్రైవరు ఇల్లు వెతుక్కుని వెళ్ళి, ధ్రువపత్రం ఇచ్చేసి, అతని తల్లి చేత సంతకం పెట్టించుకున్నారు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఆరో కౌంటరు ఉంటుంది. అలాంటిది ప్రతి శాఖలోనూ పెడతారు. అందుకని నిదానంగారు మాత్రం ఇక్కడ ఉండరు. రిటైరయ్యేదాకా శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకి ఈ పని నేర్పాలి. "మీరు ఒక్క పాఠం ముగించేలోగా వాళ్ళూ రిటైరవుతారు" అంది భార్య. ఆయన నవ్వారు. సంతోషంగానే ఉంది, అయినా ఇన్నేళ్ళ చోటు వదలాలంటే బెంగగానూ ఉంది. వదినకి ఫోన్ చేసి చెప్పారు.

"ఈ బుద్ధి ఆ రోజే ఉంటే నాకు అన్ని చొక్కాలు కుట్టే బాధ తప్పేది కదయ్యా" అని వదిన పకపకా నవ్వింది. పాతికేళ్ళుగా మోసిన బరువు ఆ నవ్వుతో దిగిపోయింది.

శనివారం రెండో కౌంటరు అమ్మాయికి అన్నీ అప్పగించారు. ఆయన సామానంతా ఒక్క సంచీలో సరిపోయింది. గుమ్మం దాకా వెళ్ళాక ఆ అమ్మాయి పిలిచి, ఎదుటి కుర్చీలో వేసిన దిండు మీరు కొన్నదే కదా, మరిచిపోయారంది.

"నాది కాదమ్మా. కూర్చునేవాళ్ళది" అని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కుర్చీలో నీలం దిండు, ఎంతమందో కూర్చుని లేవగా మధ్యలో గుంటపడి, అలాగే ఉంది.