కాచిన నిమ్మరసం

రమణి కాలి మీద పదేళ్లనాటి కొడవలి గాటు తిరిగి విచ్చుకున్న రోజున నాకు మొదటిసారి భయం వేసింది. మానిన గాయం దెబ్బ తగలకుండానే తెరుచుకోవడం అంతవరకు నేను చూడలేదు.

రమణి నా తమ్ముడి కోడలు. తల్లి లేని పిల్ల కనుక పురుడు మా ఇంటనే జరిగింది. బిడ్డకు అయిదో నెల వచ్చినా ఆమెకు పథ్యం విడిపించలేదు. పాతబియ్యపు అన్నం, వేయించిన ఉప్పు, వెల్లుల్లికారం, కాచి చల్లార్చిన నీరు. జ్వరం తగిలిన ప్రతిసారీ మరో నెల పొడిగించారు. ఆకుకూర లేదు, పులుపు లేదు. చిగుళ్లు వంకాయ రంగుకు తిరిగి ఉబ్బాయి. నోరు పుక్కిలిస్తే రక్తం పడేది. పిక్కల మీది నల్లమచ్చలు చూసి, మొగుడు కొడుతున్నాడని ఇరుగుపొరుగు తీర్మానించారు. ఆమె ఏం తింటోందని ఒక్కరూ అడగలేదు.

అడిగినవాడు టెక్కలి వైద్యుడు. పథ్యమంతా విని, "నారింజ దొరికితే నారింజ, లేకుంటే నిమ్మ. రోజుకు మూడు కాయల రసం. ఆలస్యమైతే గుండె ఆగిపోవచ్చు" అన్నాడు. నారింజకు అది కాలం కాదు. నిమ్మచెట్టు మా పెరట్లోనే విరగకాసి ఉంది.

రమణి అత్త, నా మరదలు సన్యాసమ్మ ఒప్పుకుంది. రసం పిండి, రాగిచెంబులో పోసి పొయ్యి మీద పెట్టింది.

"మరిగిస్తున్నావేం?"

"పచ్చిది బాలింతకి ఎలాగ పెడతాం వదినా? నీకు పుత్తకాలు తెలుసును, నాకు పురుళ్లు తెలుసును. నీళ్లే కాసి ఇత్తన్నాం, ఇదేటి?"

నేను మాట్లాడలేదు. ఆ తప్పు నాది, ఎవరి మీదా నెట్టను. పదకొండు రోజులు ఆ రసం మూడో వంతుకు ఇగరడం చూస్తూ కూర్చున్నాను. ఆ పదకొండు రోజుల్లో మచ్చలు తొడల దాకా పాకాయి. రెండు పళ్లు కదిలాయి. లేచి కూర్చుంటే ఆయాసం.

"పెద్దత్తా, బిడ్డని నువ్వు పెంచుతావా?" అని రమణి అడిగింది, ధాన్యం ఎండబెట్టేవా అని అడిగినంత మామూలుగా.

ఆ మాట విన్నాక నేను తెప్పించుకునే వైద్యపత్రికలన్నీ నేల మీద పరిచాను. వెతికింది దొరికింది. పులుపూ ఆకుకూరా లేక వచ్చే ఈ రోగాన్ని మాన్పే పదార్థానికి పండితులు పేరు పెట్టి నాలుగేళ్లయినా కాలేదట. అది నిప్పుకు ఓర్వదు. రాగిపాత్రలో మరీ త్వరగా నశిస్తుంది. అంటే చావుకు దగ్గరవుతున్న పిల్లకు మేము రోజూ ఉత్త పుల్లనీళ్లు తాగించాం.

మర్నాటి నుంచి సన్యాసమ్మ కాచిన రసాన్ని నేనే అందుకుని, నీళ్ల గాబు పక్కన పారబోసి, చాటుగా పచ్చి రసం ఇచ్చాను. మొదటి సాయంత్రమే రమణికి వణుకు పుట్టింది.

"నువ్వే గదా తాగించేవు, ఏటైంది వదినా?" అంది సన్యాసమ్మ కంబళి కప్పుతూ.

అచ్చులో చూసిన ఒక్క వాక్యాన్ని నమ్మి పసిబిడ్డ తల్లిని పణం పెట్టాను. ఆ వాక్యమే పొరబాటైతే? మర్నాడు మళ్లీ పచ్చిదే ఇచ్చాను.

అయిదో ఉదయం పుక్కిలించిన నీరు తెల్లగా పడింది. రెండు వారాలకు గాటు అంచులు కలిశాయి.

అదే రోజు మధ్యాహ్నం నందిగాం నుంచి సన్యాసమ్మ ఎరిగిన దేముడమ్మ వచ్చింది. ఆమె కోడలు నిండుచూలాలు. వాకిట్లో సన్యాసమ్మ ఆమెకు చెబుతోంది: "నోట్లో నెత్తురు కనపడితే నిమ్మరసం బాగా కాసి ఇయ్యి. మా కోడలు అలాగే బతికింది."

నేను బయటికి వచ్చాను. "కాసింది నేను పారబోసేను. రమణి బతికింది పచ్చిరసంతో."

సన్యాసమ్మ నా ముఖం చూసింది. "నాకు సెప్పకుండానా? దానికి ఏటైనా అయిపోయుంటే?"

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?"

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది.

"అయితే ఆ పదకొండు రోజులూ..." అంది. "నేనే కాసేను వదినా."

"నేను చూస్తూ కూర్చున్నాను" అన్నాను.