అక్క ఇచ్చిన తెడ్డు

కొలత తీసుకోకుండా టైలరమ్మ జేబురుమాలైనా కుట్టదు. "ఇంకొకరి కొలత మన ఒంటికి పగ" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెబుతుంది. ఇంత తెలిసిన మనిషీ తన తెడ్డు దగ్గరకొచ్చేసరికి కళ్లకు గంతలు కట్టుకుంది.

నలభై రెండేళ్ల వయసులో ఆమెకు, సరస్సులో బోర్డు మీద నిలబడి తెడ్డు వేసే పందాల పిచ్చి పట్టింది. అంటించింది అక్కే. రెండేళ్ల కిందట పని ఎక్కువైందని పందాలు మానేస్తూ, అక్క తన తెడ్డు ఈమె చేతిలో పెట్టింది. అక్క పొడగరి. ఈమె అక్క భుజాన్ని దాటి ఎదగలేదు.

నెల రోజులుగా కుడి భుజం సలుపు. కత్తెర ఎత్తాలన్నా ప్రాణం మీదికొస్తోంది. భుజం పోతే పందెమే కాదు, షాపూ పోతుంది.

"తెడ్డు వేసిన ప్రతిసారీ నీ పై చెయ్యి నెత్తి దాటి పోతోందమ్మా," అన్నాడు కోచ్. "పిడి ఊడదీసి, కాడ ఆరంగుళాలు కోసి, మళ్లీ అతికించుకో. లేదా వేరే తెడ్డు తెచ్చుకో. దీంతో మాత్రం ఆదివారం పందెంలో దిగనివ్వను."

"అక్కది సార్. కొయ్యడానికి చేతులు రావు. ఆదివారం తను మొదటిసారి నా పందెం చూడ్డానికొస్తోంది, వేరేదాంతో దిగితే ఏమనుకుంటుంది?"

శుక్రవారం మధ్యాహ్నం అక్క కొత్త గుడ్డ పట్టుకుని షాపుకొచ్చింది.

"ఎప్పటిలాగే కుట్టవే. ముందు గుండీలు."

"రెండేళ్లుగా అదే పాట! తల మీంచి తొడుక్కునేవి నీకేం అపకారం చేశాయి?" అని నవ్వుతూ టైలరమ్మ టేపు తీసింది. అక్క ఒక్కతే మినహాయింపు; పాత కొలతలు కంఠతా వచ్చు కాబట్టి ఆమెను ఏళ్లుగా మళ్లీ కొలవలేదు. "ఈమధ్య కాస్త ఒళ్లు చేశావు. చేతులెత్తు."

ఎడమ చెయ్యి లేచింది. కుడిచెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

"దానికి అంతే వస్తుందిలే," అంది అక్క.

టైలరమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముందు గుండీలతో ఎనిమిది చొక్కాలు కుట్టింది. ఎందుకని ఒక్కసారీ నిజంగా అడగలేదు.

"ఎప్పట్నుంచి అక్కా?"

"మానేసినప్పట్నుంచే. పని ఎక్కువైందన్నది ఉత్తమాట. ఆ తెడ్డు నాకూ పొడుగేనే. మా పాత కోచ్ గారు తాటిచెట్టంత మనిషి. ప్రేమగా తన తెడ్డు ఇస్తే కొయ్యడానికి మనసొప్పలేదు."

"మరి నాకెందుకిచ్చావు?"

"నీ చేతికొచ్చింది ఏదైనా కత్తిరించకుండా వదిలావా? చిన్నప్పుడు నా గౌన్లన్నీ కోసి నీ కొలతకు కుట్టుకున్నావు. దీన్నీ మొదటిరోజే కోసేసి ఉంటావనుకున్నా."

మూల నిలబెట్టిన తెడ్డు వైపు చూసి అక్క ముఖం వాడిపోయింది. "కొయ్యలేదుటే?"

టైలరమ్మ టేపు పక్కన పెట్టింది. పక్క షాపు వడ్రంగి దగ్గర రంపం అడిగి తెచ్చింది. తను ఎడమచెయ్యి పైకెత్తి నిటారుగా నిలబడితే, అక్క ఎడమచేత్తో ఆమె మణికట్టు ఎత్తున కాడ మీద సుద్దతో గీత గీసింది. వడ్రంగి వచ్చి పిడి ఊడదీశాడు గానీ, కోత మాత్రం ఆమె అతనికి వదల్లేదు.

ఆదివారం పదకొండో స్థానం వచ్చింది. భుజం నెప్పెట్టలేదు. అక్క గుడ్డ మాత్రం ఇంకా మడత విప్పకుండా బల్ల మీదే ఉంది. ముందు గుండీలా, తల మీంచి తొడుక్కునేదా అన్నది సోమవారం అక్కను భుజాల డాక్టరుకు చూపించాకే తేలుస్తానంది.