మునిరత్నం గుండు

ముసలాయన తలను ఎడమచేత్తో కాస్త వంచి, చెంబులో నీళ్లు తీసి జుట్టంతా తడిపాడు మునిరత్నం. కత్తి నుదుటి మీద నుంచి వెనక్కి పోయిన చోట తెల్లటి చార తేలింది. ముసలాయన గోవిందా అన్నాడు. తిరుమల కల్యాణకట్టలో పొద్దున్నించీ మునిరత్నానికి ఇదే పని. వంగి వంగి నడుము పట్టేసింది, వేళ్లు నీళ్లకు నాని ముడతలు పడ్డాయి. ఇంతమందికి గుండు గీసే ఈ మహానుభావుడికి తన జుట్టంటే మాత్రం ప్రాణం. ఉంగరాలు తిరిగిన జుట్టు, దాని నిండా కొబ్బరినూనె, చొక్కా జేబులో నల్లదువ్వెన. తలకూ తలకూ మధ్య ఓసారి దువ్వుకుంటాడు. పక్కన కూర్చుని పనిచేసే కుప్పయ్య అది చూసి నవ్వని రోజు లేదు.

ఈరోజు దువ్వెన జేబులోంచి బయటికి రాలేదు. సాయంత్రం రైలుకు కూతురు పంకజాక్షి పాకాల వెళ్లిపోతోంది. పదో తరగతి లెక్కల్లో తప్పింది, మళ్లీ రాయాలి. ఎట్లా తప్పావు అని అడిగే వీధిలో ఉండలేనని, మేనత్త ఇంట్లో ఉండి అక్కడే రాస్తానని పట్టుబట్టింది.

ఎట్లా తప్పిందో మునిరత్నానికీ అంతుపట్టలేదు. వీధిలో పిల్లలందరికీ లెక్కలు చెప్పే పిల్ల, పరీక్షలో కలం కదపకుండా కూర్చుని వచ్చిందట. అప్పటి నుంచీ సరిగ్గా తినదు, పిలిస్తే పలకదు. జడను పాత తుండుగుడ్డతో బిగించి చుట్టి ముడివేసుకుని తిరుగుతుంది. నిద్రలో కూడా విప్పదు. తల్లి అలివేలమ్మ దిష్టి తీసి తీసి అలిసిపోయింది. మునిరత్నం మాత్రం తను గట్టిగా మొక్కలేదనుకున్నాడు. పాప పాసైతే ఆ పిల్ల తలనీలాలు ఇప్పిస్తానని పరీక్షలకు ముందు వాకిట్లో నిలబడి నలుగురూ వినేట్టు మొక్కుకున్నాడు. తప్పాక, అదే మొక్కు మరింత గట్టిగా, ఆ పిల్ల ఎదురుగానే మళ్లీ చెప్పుకున్నాడు. రోజూ తన చేతుల్లోంచి జారిపోయే వెంట్రుకలే కదా, అందులో పెద్ద విషయం ఉందని అతనికి తోచలేదు.

ముసలాయన లేచాక ఒక ఆడపిల్ల వచ్చి కూర్చుంది. పంకజాక్షి ఈడే. జడ నడుము దాకా ఉంది. వెనకాల నిలబడ్డ తండ్రి ముఖం వెలిగిపోతోంది.

"మాది పూతలపట్టప్పా. పాప పదోక్లాసు పాసయింది. పాసయితే గుండు కొట్టిస్తానని మొక్కుకున్నా."

మునిరత్నం జడ విప్పుతుంటే పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. కన్నీళ్లు ఒడిలో పడుతున్నాయి.

"ఆడబిడ్డ గదా, మూడు కత్తెర్లు ఇచ్చినా సాలు" అన్నాడు మునిరత్నం.

"గుండని మొక్కుకుంటి గదప్పా, తప్పితే ఎట్ల?"

"బిడ్డను అడిగినావా?"

"నేను మొక్కుకునేదానికి బిడ్డను అడిగేదేముండాది?" అని ఆ తండ్రి అమాయకంగా నవ్వాడు.

పిల్ల తల వంచుకునే మెల్లగా అంది. "తప్పింటే బాగుండు. జుట్టన్నా మిగిలేది."

కత్తి అందుకోబోయిన మునిరత్నం చేయి ఆగిపోయింది. కదలని కలం, తుండుగుడ్డ, తినకుండా తోసేసిన కంచం, అన్నీ ఒక్కసారి వచ్చి గుండెల మీద కూర్చున్నాయి. తన బిడ్డకు లెక్కలు రాక కాదు. పాసయితే తండ్రి చేసే పని తెలిసి చేతులు ముడుచుకుంది. తను మళ్లీ మళ్లీ మొక్కి ఆ పిల్లను భయపెట్టాడు.

అయినా మొక్కు ఆ తండ్రిది, పని తనది. ఎంత మెత్తగా గీయగలడో అంత మెత్తగా గీశాడు. ఆ పిల్లకు ఎక్కడా చిన్న గాటు పడలేదు.

వంతు అయిపోయాక కత్తి కడిగి, కుప్పయ్య ముందు వచ్చి కూర్చున్నాడు.

"నాకు గీయప్పా."

కుప్పయ్య నోరు తెరిచాడు. "ఈ జుట్టా? పొద్దున్నే ఏమన్నా తాగినావా?"

"పాప మొక్కు తీరుస్తుండా."

"ఇంగా పాసు కాలేదు గదరా!"

"పాసయినా కాకపోయినా. మొక్కుకునింది నేను గదా, నా తలే ఇస్తా."

కుప్పయ్యకు నవ్వు రాలేదు. నీళ్లు తీసుకుని, ఎంతో మర్యాదగా ఆ ఉంగరాల జుట్టు తడిపాడు.

కొండ దిగే బస్సులో గాలికి నెత్తి చల్లగా, పరాయివాడి తలలా అనిపించింది. ఇంటికి చేరేసరికి పంకజాక్షి గుడ్డలు సంచిలో సర్దుతోంది. గంధం పూసిన తండ్రి గుండు చూసి లేచి నిలబడింది.

"ఏంది నాయనా ఇది?"

"నీ మొక్కు తీరిపోయింది పాపా. ఇంగ నీ జుట్టు జోలికి ఎవరూ రారు. లెక్కలు రాయబుద్ధయితే రాయి, లేకుంటే వచ్చేయ్. నిన్ను అడక్కుండా మొక్కినాను, తప్పు నాదే."

ఆమె దగ్గరికి వచ్చి చెవి వెనక ఎండిన గంధం వేలితో తుడిచింది. ఆ తర్వాత కంచం ముందు కూర్చుని, సంగటి ముద్ద తినేసి ఇంకో ముద్ద అడిగింది. అలివేలమ్మ పొయ్యి వైపు తిరిగి కళ్లొత్తుకుంది.

స్టేషన్లో కిటికీ పక్కన కూర్చున్న కూతురికి మునిరత్నం జేబులోని దువ్వెన తీసి ఇచ్చాడు.

"పెట్టుకో పాపా, నాకిప్పుడు దీంతో పన్లేదు."

"పెరుగుతుంది లే నాయనా" అని ఆమె నవ్వింది. పరీక్షల ముందు నుంచీ ఆ నవ్వు అతను చూడలేదు. బండి కదిలింది. జడ మీద ఏ గుడ్డా లేదు, కొస గాలికి కిటికీ బయట ఊగుతోంది. రైలు కనిపించినంతసేపూ చూసి ఇంటికి నడిచాడు.

అలివేలమ్మ దీపం పెడుతోంది. మునిరత్నం చొక్కా విప్పి తగిలించబోతే కొయ్యకు పాత తుండుగుడ్డ కనిపించింది. ముడి విప్పేసి ఉంది కానీ, బిగించిన చోట ముడతలు ఇంకా పోలేదు, నూనె మరకలు అట్లే ఉన్నాయి.