ముద్ర పడ్డ నోటీసు

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు. గోదావరిఖని దాటాక ఉన్న ఒక ప్రైవేటు క్వారీలో మైకు పని జమునది. ఆమెకు చూపు లేదు. పేలుళ్ల నోటీసును కంప్యూటర్ చదివి వినిపిస్తే, మైకులో చెప్పి ఊరిని పక్కకు తప్పించేది ఆమే. తల్లి సారవ్వ మేకలకు గడ్డి కోసేది ఆ క్వారీ అంచునే. కూతురు చెబితే తప్ప అక్కడినుంచి కదలదు.

కొత్త మేనేజరు లింగమూర్తికి ముద్ర అంటే మహా మోజు. టైపు చేసిన నోటీసును అచ్చు తీసి, సంతకం గీకి, ముద్ర గుద్ది, మళ్లీ స్కాన్ చేసి పంపేవాడు. అది జమున కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ. నోరు మెదపదు.

“బొమ్మ పంపకుండ్రి సార్, టైపు చేసిందే పంపుండ్రి,” అని ఎంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

“ముద్ర లేని కాగితం చెల్లుతదా?” అనేవాడు.

ఆ రోజు మబ్బు పట్టిందని పేలుడును చెప్పిన వేళకంటే ముందే పెట్టారు. నోటీసు వచ్చింది. కంప్యూటర్ పలకలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పేలుడు మందు కూరే చోట ఫోన్లు బంద్ పెడతారు. చదివిపెట్టే మనిషి కోసం ఆమె గుమ్మం దాటేలోపే నేల అదిరింది. రేకుల మీద రాళ్లు పడ్డాయి.

క్వారీ లారీ డ్రైవర్ వీరేందర్ రొప్పుతూ వచ్చాడు. “అక్కా, మీ అవ్వ కాళ్లు బండ కింద ఇరుక్కున్నయి. పాణం ఉన్నది. మంది లేపుతున్నరు.”

జమున కదలబోయింది. వెనకే వచ్చిన లింగమూర్తి ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తప్పు తన మీదికి రాకముందే ఆమె నెత్తిన రుద్దాలని వాడి తొందర.

“నోటీసు పంపిన గద. రెండు రౌండ్లు పేలుతయని సక్కగ రాసిన. ఎందుకు చెప్పలే?”

జమున నోట్లోని నెత్తురు మింగింది. “రెండోది ఎప్పుడు?”

వాడి చెయ్యి సడలింది. “ఇప్పుడే,” అన్నాడు.

మీట నొక్కేవాడు గుట్ట అవతల ఉన్నాడు. మైకు కొమ్ములన్నీ ఊరి వైపే; ఆపమంటే అతనికి వినబడదు. జమున బల్ల మీది టెలిఫోన్ ఎత్తి లింగమూర్తి మొహాన కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నా జాలి కలగలేదు. తడుముకుంటూ మైకు అందుకుంది.

“ఇంకో రౌండున్నది. అందరు ఉరకుండ్రి.”

వీరేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “బండ ఇంక లేవలే అక్కా. అవ్వ కిందనే ఉన్నది.”

ఆ బండ చుట్టూ ఊరి మగవాళ్లంతా ఉన్నారు. వాళ్లు సారవ్వను వదలరని ఆమెకు తెలుసు.

“మా అవ్వను ఇడిసిపెట్టుండ్రి,” అంది మైకులో. “ఉరకుండ్రి.”

రెండో రౌండులో పోయింది ఒక్కరే.