కోమల పేరున ఒక విస్తరి

సుదర్శన్ ఫోను చేసినప్పుడు నేను డాబా మీద బట్టలు దులుపుతున్నాను. థర్మల్ విద్యుత్ కేంద్రం వైపు నుంచి బూడిద గాలి వీచిన రోజు తెల్ల చొక్కా ఆరేలోపే మాసిపోతుంది. సుదర్శన్ ఒకప్పుడు చంద్రపూర్‌లో మా కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పేవాడు. ఇప్పుడు ఇథియోపియాలో, బహిర్ దార్ అనే ఊళ్ళో పాఠాలు చెబుతున్నాడు.

"సారూ, నెట్టు మళ్ళ ఎప్పుడు పోతదో తెల్వది, జల్ది చెప్తున్న. ఫిజిక్స్ పోస్టు మీకే ఇస్తమంటుండ్రు. పెత్రమాస అయినంక అవునో కాదో చెప్పుండ్రి."

"అక్కడ ఎట్లుంది?"

"ఊళ్లె నడుస్తది. ఊరు దాటితెనే కష్టం. తుపాకులోళ్ళు బస్సులు ఆపి మనుషులను ఎత్తుకపోతుండ్రు. మొన్న కర్ఫ్యూ పెడితే మా అమ్మ కట్టిచ్చిన అటుకులే పూటపూటకు బుక్కిన." నవ్వాడు. "నేను రమ్మనను, వద్దనను. పిల్లలు మాత్రం మంచోళ్ళు సారూ. కరెంటు లేకుంటే కిటికీ కాడికి బల్లలు జరుపుకొని వింటరు."

వాళ్ళు బల్లలు జరుపుకునే చప్పుడు ఆ సాయంత్రమంతా నాకు వినిపిస్తూనే ఉంది.

నిజానికి ఆ దేశం కోమల కోరిక. నా భార్య కోమల మరాఠీ బడిలో భూగోళం చెప్పేది. సుదర్శన్ వెళ్ళిన ఏడు అట్లాసులో టానా సరస్సు మీద వేలు పెట్టి, "నీలి నైలు పుట్టేది ఇక్కడేనట. ఒక్కసారి ఈ నీళ్ళల్ల కాళ్ళు పెట్టాలె" అంది. ఇద్దరం దరఖాస్తు చేశాం. జవాబు రాకముందే ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. నాగపూర్ ఆసుపత్రిలో ఒక నర్సు ఉండేది. సూది వేసే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, అప్పుడు కోమల చేయి పట్టుకునేది. ఆ నెలల్లో మాకు దొరికిన సుఖం అదొక్కటే. కిందటి ఏడాది ఎండాకాలంలో కోమల పోయింది. మాకు పిల్లలు లేరు. కూతురికి సేవ చేయడానికి విరూర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ లస్మవ్వ తిరిగి వెళ్ళలేదు. ఉండమని నేను అడగలేదు, ఉంటానని ఆమె చెప్పలేదు. పొద్దున లేచేసరికి చాయ్ ఉంటుంది.

కోమల చూడాలనుకున్నది చూడటానికే వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సుదర్శన్ బస్సుల సంగతి చెబుతుంటే నాకు భయం వేయలేదు. ఎక్కడో వాన పడుతోందని చెబితే విన్నట్టు విన్నాను. నాకు వింతగా తోచింది అదే.

అత్తమ్మ వంటింట్లో చామాకుల ఈనెలు తీస్తోంది.

"అత్తమ్మా, వేరే దేశంలో కొలువు వచ్చేటట్టుంది."

"దుబాయా?"

"కాదు, ఆఫ్రికా. అక్కడ కొంచెం గడబిడ ఉంది."

"ఎసోంటి గడబిడ? మన ఎలచ్చన్ల లెక్కనా?"

"తుపాకుల గడబిడ."

"మరి పంతులు ఏం జేస్తడు ఆడ? సుద్దముక్క ఇసురుతడా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంకో ఆకు తిప్పి ఈనె తీసింది.

"నా గురించి సోంచాయించకు. నా కొడుకు తిరుపతి ఎప్పటిసంది రమ్మంటుండు, వానింటికి పోనీకి నాకేం నామోషి? నవమి దగ్గరికొచ్చింది. పోయి కోమల దోస్తు రమకు చెప్పి రా."

పెత్రమాసకు, అంటే పితృపక్షం చివరి అమావాస్యకు, ముందు వచ్చే నవమి అది. ముత్తైదువగా పోయిన ఆడమనిషి పేరున ఆ రోజు ఇంకో ముత్తైదువను పిలిచి, కడుపునిండా పెట్టి, చీర, గాజులు, పసుపు కుంకుమలు ఇస్తారు. సరిహద్దు ఊళ్ళలో మా వాళ్ళు మరాఠీ ఇరుగుపొరుగును చూసి పట్టుకున్న ఆనవాయితీ. కొడుకు చేయాలి. మాకు లేడు కాబట్టి నేనే చేస్తాను. విధవ కాబట్టి అత్తమ్మ కుంకుమ పళ్ళెం ముట్టదు. వంట మాత్రం ఎవరినీ చేయనివ్వదు.

నవమి పొద్దున ఆమె పోలెలు, అదే బొబ్బట్లు, కాలుస్తూ నా వైపు తిరగకుండానే అంది.

"అల్లుడా, ఈ దినం ఎన్నేండ్లు చేస్తరో ఎరికేనా?"

"ఎన్నేండ్లు?"

"మొగడు బతికున్నన్నొద్దులు. ఆయన పోయినంక బందు. ఆమెను అమాసల కలుపుతరు. అమాస నాడు అందరికీ కలిపి ఒక్కటే ముద్ద. పేరు పెట్టి పిలిచేటోళ్ళు ఉండరు." పోలె తిప్పింది. "నా బొట్టు ఎప్పుడో పోయింది. నా బిడ్డ బొట్టు నీ పానం మీదున్నది. పోతె పో, నేను ఆపను. గని ఆడ బతుకనీకి పోతున్నవా, సావనీకి పోతున్నవా? గదొక్కటి చెప్పి పో."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆమె పెనం కింద మంట తగ్గించి, మొదటి పోలె మీద నెయ్యి వేసి పక్కన పెట్టింది. కోమలకు మొదటిది కావాలి, చిన్నప్పటి నుంచీ.

రమ మా వెనక వీధిలో ఉంటుంది. ఆమె భర్త పోశం బొగ్గుగనిలో పని చేస్తాడు. సాయంత్రాలు కోమల, రమ కలిసి నడకకు వెళ్ళేవాళ్ళు, నడిచేదానికంటే ఎక్కువ మాట్లాడేవాళ్ళు. ఆ రోజు రమ తలంటుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని వచ్చి, కోమల ఫోటో ముందు విస్తరి దగ్గర కూర్చుంది. నేను వడ్డించాను. చామాకు వడలు మళ్ళీ వేయబోతే, "అన్నా, నేను ఒక్కదాన్నే. కోమలక్క వంతు కూడ నన్నే తినుమంటే ఎట్ల?" అంది. వంటింట్లో నుంచి అత్తమ్మ, "ఇంకోటి వెయ్యి, తింటది" అంది.

తిన్నాక అడగవలసిన మాట ఒకటి ఉంది. వాయనం పళ్ళెం పట్టుకుని, "తృప్తి అయిందా?" అని అడగాలి. పోయినామె తరఫున వచ్చినామె "అయింది" అనాలి. అప్పటిదాకా ఆమె లేవకూడదు, నేను పళ్ళెం ఇవ్వకూడదు. కిందటేడు రమ ఏడుస్తూ గబుక్కున అనేసింది.

"తృప్తి అయిందా?" అన్నాను.

రమ తల ఎత్తలేదు. "కాలేదన్నా."

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అట్ల అనద్దు పిల్లా. అయిందనాలె."

"అనాలని ఎరికే పెద్దమ్మా. కోమలక్క నోటితోటి చెప్పాలె గదా. అక్కకు కాలేదు." కళ్ళెత్తి నన్ను చూసింది. "సుదర్శన్ సారు వాళ్ళమ్మ మొన్న బజార్ల కలిసింది. అంత చెప్పింది. వచ్చేయేడు నన్ను పిలుస్తవా లేదా? గది చెప్తే లేస్త."

పోలె తిన్న చేతిని ఆమె ఒళ్ళోకి తీసుకోకుండా విస్తరి మీదే పట్టుకుంది. నెయ్యి, అన్నం వేళ్ళ మీద ఎండుతున్నాయి. నా చేతుల్లో పళ్ళెం బరువెక్కింది. ఆకుపచ్చ గాజులు అంచుకు జారి చప్పుడు చేశాయి. నేను చప్పున ఊ అనేయవచ్చు. కానీ ఫోటో ముందు ఆ మాట ఇస్తే బతకాలి. ఒక ఏడాది కాదు, ఏటేటా. అది ఎంత కష్టమో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

విస్తరి మీద ఈగ వాలింది. రమ ఎడమ చేత్తో తోలింది.

"పిలుస్తా," అన్నాను. మళ్ళీ అన్నాను. "వచ్చేయేడు కూడా పిలుస్తా."

"అయితే అయింది," అంది రమ. అత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతి మీద పోసింది.

అమావాస్య వెళ్ళాక సుదర్శన్‌కు రానని చెప్పాను.

"భయమైతుందా సారూ?"

"లేదు. అందుకే రావట్లేదు. అక్కడికి వచ్చేవాడు తిరిగి ఇంటికి పోవాలె అనుకునేవాడై ఉండాలె. వాడే పిల్లలను కూడా జాగ్రత్తగా చూస్తాడు. నేను ఇంకా అట్లా కాలేదు."

అతని వెనక ఎవరో పిల్లలు వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఆ పిల్లలకు ఫిజిక్స్ ఎవరు చెబుతారో నేను అడగలేదు. "మేడమ్ చూడాలనుకున్న చెరువు ఫోటో ఒకటి పంపుత," అన్నాడు.

తరవాత అక్కడ నెట్టు పోయింది. ఫోటో చాలా రోజులకు వచ్చింది. అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉంటే చూపించాను. నీళ్ళ మీద అంచు పొడవునా పచ్చగా అల్లుకుపోయి ఉంది.

"గుర్రపుడెక్క గదా ఇది," అంది అత్తమ్మ. "మన రామాల చెరువు లెక్కనే ఉన్నది. నా బిడ్డ గింత దూరం పోవాలనుకున్నది దీనికోసమేనా?"

ఫోను తెర మీద బూడిద పడిందనుకుందేమో, ఆమె కొంగుతో మెల్లగా తుడిచింది. తెర ఆరిపోయింది. ఫోను తీసుకుని, మళ్ళీ వెలిగించి ఆమె చేతికిచ్చాను.