చాపల నడుమ దారి

ఇరవై అయిదేళ్లుగా ఊరంతా సాలోమోనునే వేలెత్తి చూపింది. కన్నకూతురిని మొయినాబాద్ ప్రార్థన కూటాల్లో పోగొట్టుకున్న తండ్రి అంది. అతను ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. చెప్పవలసిన భార్య కరుణమ్మ నోరు మెదపలేదు.

ఆ రోజు చేవెళ్ల నుంచి చుట్టాలంతా రెండు జీపుల్లో బయలుదేరారు. పొద్దున ప్రార్థన కూటం, మధ్యాహ్నం గండిపేట చెరువు చూడడం. షామియానా కింద చాపల మీద ఒకపక్క మగవాళ్లు, ఒకపక్క ఆడవాళ్లు, నడుమ సన్నని దారి. చర్చిలో కూర్చున్నట్టే. చిన్నపిల్లలకు మాత్రం హద్దు లేదు. అమ్మ దగ్గర లేకపోతే నాన్న దగ్గర ఉన్నట్టే అనుకుంటారు. ఆ అనుకోవడమే కొంప ముంచింది. కూటం అయ్యాక మగవాళ్లొక జీపు, ఆడవాళ్లొక జీపు ఎక్కారు. నాలుగేళ్ల జెన్నీ ఏ జీపులోనూ లేదని గండిపేటలో దిగాక గాని తెలియలేదు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

పాట నడుస్తుండగా జెన్నీ వచ్చి తన కొంగు లాగిన సంగతి కరుణమ్మ ఎవరికీ చెప్పలేదు. ఒళ్లో చంటి జయరాజ్ పాలకు ఏడుస్తున్నాడు. విసుగొచ్చి, "మీ బాపు దగ్గరికి పోవే" అని పిల్లను తోసింది. పోలీసులు అడిగితే మాత్రం, "పొద్దటిసంది బాపు దగ్గర్నే ఉండె" అంది. పిరికి ముండను, అని తనను తాను తిట్టుకోని రోజు లేదు. తిట్టుకుంటూనే దాచింది.

ఇప్పుడు సాలోమోను మంచం పట్టాడు. ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. జావ తాగిస్తుంటే ఆమె చేయి పట్టుకున్నాడు.

"కరుణా, నాకు జర చెప్పు. పైకి పోయినంక పిల్ల ఎదురొచ్చి, నన్నెందుకు ఇడిసినవ్ బాపు అంటే ఏం చెప్పాలె?"

ఈ మనిషిని ఇంకా ఎంతకాలం ఇలా కాల్చాలి? కరుణమ్మ గిన్నె కింద పెట్టింది.

"నువ్వు గాదు, నేను. పిల్ల నా దగ్గరికే వచ్చింది. పిల్లగానికి పాలిచ్చుకుంట నీ దిక్కు తోలిన. ఇన్నేండ్లు నీ మీద పెట్టి బతికిన."

సాలోమోను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు.

"వచ్చింది" అన్నాడు.

"ఏడికి?"

"నా దగ్గరికి. చాపల నడుమ నిలవడి నన్నే చూసింది. కూటంల లేచి దేవుని సాక్ష్యం చెప్పే వంతు నాదే ఉండె. మీ అమ్మ దగ్గరికి పో అని చెయ్యి ఊపిన. అందుకే ఎవలేమన్నా నోరెత్తలే."

భర్త దగ్గరికి చేరకుండానే పిల్ల తప్పిపోయిందని ఇన్నేళ్లూ కరుణమ్మ అనుకుంది. తప్పిపోలేదు. అమ్మ పొమ్మంది, నాన్న పొమ్మన్నాడు, పిల్ల చెప్పిన మాట వింది. ఆ తర్వాత ఎటు పోయిందో ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు.